హెవీవెయిట్ బాక్సింగులో గట్టివాళ్లు ఎక్కువమంది ఉన్న కాలం ఏది?

అలిపిరి మెట్లు, తిరుపతి:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1980లో చిత్తూరు నుంచి బస్సులో మద్రాసు వెళ్లి, నెహ్రూ స్టేడియంలో మహమ్మద్ అలీ ఆడిన ప్రదర్శన పోటీ చూసి వచ్చారు. అప్పటి నుంచి మా ఇంట్లో బాక్సింగ్ మాట వస్తే చాలు, అలీ కాలంలో ఉన్నంతమంది మొనగాళ్లు మళ్లీ పుట్టలేదని తీర్పు చెప్పేస్తారు. 2024 మే నెలలో రియాద్‌లో ఉసిక్, ఫ్యూరీ తలపడినప్పుడు తెల్లవారుజాము దాకా మేలుకొని చూసినవాణ్ణి కనుక, ఆ తీర్పును నేను అంత తేలికగా ఒప్పుకోలేకపోతున్నాను.

ఎవరు గొప్ప ఛాంపియన్ అన్నది నా ప్రశ్న కాదు, ఆ వాదనకు అంతు లేదు. పైనున్న ఇద్దరు ముగ్గురిని పక్కన పెట్టి, ఆరో స్థానం నుంచి పదో స్థానం దాకా ఉన్నవాళ్లను చూస్తే ఏ కాలంలో సత్తా ఎక్కువగా కనబడుతుంది? క్రికెట్‌లో ఎనిమిదో నంబరు దాకా బ్యాటింగ్ చేయగల జట్టును మనం వేరుగా లెక్కవేస్తాం కదా, అలాంటి లెక్క బాక్సింగుకు ఎలా కట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

కట్టమంచి చెరువుగట్టు, చిత్తూరు:

ఆ రోజు అలీకి ఎదురుగా నిలబడిన మనిషిని మీ నాన్నగారు గమనించారేమో అడిగి చూడండి. అతను జిమ్మీ ఎల్లిస్. ప్రదర్శన కోసం వెంట తెచ్చుకున్న తోడుగాడని చాలామంది అనుకుంటారు గానీ, 1968లో జెర్రీ క్వారీని ఓడించి, ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంఘాలలో ఒకటైన డబ్ల్యూబీఏ బెల్టు గెలుచుకున్నవాడు. అంతటివాడి పేరు కూడా ఈ రోజు ఎవరికీ గుర్తు లేదంటే, ఆ కాలంలో వరుస ఎంత పొడవుగా ఉండేదో ఊహించుకోవచ్చు.

నా దృష్టిలో కొలిచే పద్ధతి ఒకటే. ఛాంపియన్ చేతిలో ఓడినవాళ్లు ఒకరితో ఒకరు ఎన్నిసార్లు తలపడ్డారో, అందులో ఎవరు ఎవరిని ఓడించారో చూడాలి. క్వారీకి ప్రపంచ టైటిల్ ఏనాడూ దక్కలేదు, అయినా 1973 ఒక్క ఏడాదిలోనే రాన్ లైల్‌ను పాయింట్ల మీద, ఎర్నీ షేవర్స్‌ను మొదటి రౌండులోనే ఓడించాడు. అదే షేవర్స్‌ను 1975లో లైల్ ఆరో రౌండులో పడగొట్టాడు. ఆ లైల్‌ను జిమ్మీ యంగ్ రెండుసార్లు ఓడించి, 1977లో శాన్ హువాన్‌లో మాజీ ఛాంపియన్ జార్జ్ ఫోర్‌మన్‌ను చివరి రౌండులో కింద పడేసి మరీ గెలిచాడు. ఆ దెబ్బతో ఫోర్‌మన్ రింగు వదిలి పదేళ్లు మతబోధకుడిగా ఉండిపోయాడు. వీళ్లలో క్వారీ గానీ, లైల్ గానీ, షేవర్స్ గానీ, యంగ్ గానీ ఒక్కసారి కూడా ఛాంపియన్ కాలేదన్న సంగతి మరచిపోకండి.

వీలైతే 1976 జనవరిలో లాస్ వేగస్‌లో జరిగిన ఫోర్‌మన్, లైల్ పోటీలో నాలుగో రౌండు చూడండి. లైల్ కొట్టిన దెబ్బకు ఫోర్‌మన్ పడ్డాడు, లేచి లైల్‌ను పడేశాడు, రౌండు ముగిసేలోపు తానే మళ్లీ పడ్డాడు. ఐదో రౌండులో ఫోర్‌మన్ గెలిచాడనుకోండి. అయినా జైలులో బాక్సింగ్ నేర్చుకుని, ముప్పై దాకా వృత్తిలోకే రాని ఒక మనిషి, ఛాంపియన్‌గా ఉన్న జో ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు కింద పడేసిన ఫోర్‌మన్‌ను అంత పని చేశాడు.

పుత్తూరు కట్టు:

చెరువుగట్టు గారి గొలుసు బాగుంది, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే ఆ గొలుసంతా దాదాపు ఒక్క అమెరికాలోనే తిరుగుతోందని గమనించండి. క్యూబాకు చెందిన టియోఫిలో స్టీవెన్‌సన్ 1972, 1976, 1980 ఒలింపిక్స్‌లలో వరుసగా మూడు స్వర్ణాలు గెలిచి కూడా వృత్తి బాక్సింగులో అడుగు పెట్టలేదు. సోవియట్ బాక్సర్లకు ఆ దారే మూసి ఉండేది. సగం ప్రపంచం బయట నిలబడి ఉండగా లెక్కించిన మొదటి పదిమందిని, ఉక్రెయిన్ నుంచి ఉసిక్, బ్రిటన్ నుంచి ఫ్యూరీ, జాషువా, దుబోయి, న్యూజిలాండ్ నుంచి పార్కర్, చైనా నుంచి జాంగ్ ఝిలే వచ్చిన ఈ కాలపు పదిమందితో సరితూచడం ఎంతవరకు న్యాయం?

బరువు సంగతి కూడా ఉంది. హెవీవెయిట్‌కు ఒక మెట్టు కిందుండే క్రూయిజర్‌వెయిట్ విభాగం పుట్టేదాకా 175 పౌన్లు దాటిన ప్రతివాడూ హెవీవెయిటే. 49 పోటీలలో ఓటమి ఎరుగని యాభైల నాటి ఛాంపియన్ మార్సియానో 185 పౌన్ల దరిదాపులో ఉండేవాడు, ఈ రోజైతే అతన్ని క్రూయిజర్‌వెయిట్‌లోనే ఆడమనేవారు. ఉసిక్ కూడా అక్కడ బెల్టులన్నీ గెలిచాకే పైకి వచ్చాడు.

నా వాదనలో బలహీనత ఎక్కడుందో నేనే చెబుతాను. జో లూయిస్ 1941లో తొమ్మిది నెలల్లో ఏడుసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. ఇప్పటివాళ్లు ఏడాదికి ఒకటి రెండు పోటీలతో సరిపెట్టుకుంటారు. జాషువా, అమెరికాకు చెందిన వైల్డర్ ఇద్దరూ అజేయులుగా ఉన్న రోజుల్లో ఒకరికొకరు ఎదురుపడనే లేదు. సత్తా ఉండవచ్చు, కానీ దాన్ని రుజువు చేసే పోటీలు జరగడం లేదు. (1973 పోటీలో కెన్ నార్టన్ విరగ్గొట్టిన అలీ దవడకు మాత్రం మా ఊరి కట్టు పనికి రాదు లెండి, అక్కడ వెదురుబద్ద నిలవదు.)

కపిలతీర్థం, తిరుపతి:

మీరిద్దరూ తొంభైల దశకాన్ని దాటేసి వెళ్లిపోతున్నారు. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో లెనాక్స్ లూయిస్ చేతిలో ఓడిన రిడిక్ బో, 1992లో హోలీఫీల్డ్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాక కూడా లూయిస్‌తో తలపడడానికి ఇష్టపడక మరో సంఘమైన డబ్ల్యూబీసీ ఇచ్చే బెల్టును చెత్తబుట్టలో వేశాడు. కింది వరుసలో డేవిడ్ టువా, ఇకే ఇబియాబుచి 1997లో పన్నెండు రౌండ్లు ఒకరినొకరు కుళ్లబొడుచుకున్నారు, ఇద్దరిలో ఎవరికీ టైటిల్ అందలేదు. చెరువుగట్టు గారి కొలతతోనే చూసినా ఆ దశకం తక్కువ తూగదు.

ఒక్క చిక్కు మాత్రం ఉంది. అదే దశకంలో, 1994లో, ఫోర్‌మన్ 45 ఏళ్ల వయసులో మైకేల్ మూరర్‌ను నాకౌట్ చేసి మళ్లీ ఛాంపియన్ అయ్యాడు. అది డెబ్బైల గొప్పతనమా, తొంభైల డొల్లతనమా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

కట్టమంచి చెరువుగట్టు, చిత్తూరు:

డొల్లతనం కాదండి. తొమ్మిది రౌండ్ల పాటు మూరరే పైచేయిగా ఉన్నాడు. పదో రౌండులో ఒక్క కుడిచేతి దెబ్బకు పడిపోయాడు. వయసు మీద పడినా దెబ్బలో బలం చివరిదాకా నిలుస్తుంది, దాన్ని బట్టి రెండు కాలాలను తూచలేం. పుత్తూరు వారి స్టీవెన్‌సన్ మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

అలిపిరి మెట్లు, తిరుపతి:

అందరికీ కృతజ్ఞతలు. ఇదంతా నాన్నగారికి చదివి వినిపించాను. ఎల్లిస్ పేరు వినగానే, "సన్నగా, అలీ కంటే కాస్త పొట్టిగా ఉన్నాడు, అతనేనా?" అని అడిగారు. జిమ్మీ యంగ్ ఎవరో ఆయనకు తెలియదు. శాన్ హువాన్ పోటీ దొరికితే ఈ రాత్రి భోజనాలయ్యాక ఫోనులో పెట్టమన్నారు.