అప్‌డేట్: తూకంలో తగ్గించిన రొయ్యల డబ్బు

కొత్తపట్నం దగ్గర రొయ్యల కాటా చూసే నేను, యజమాని మాట ప్రకారం తడి పేరుతో తూకం తగ్గించి రాస్తున్నానని, విశ్వాసిగా ఏం చేయాలని గత నెలలో అడిగాను. ఇక రాయనని ఆయనకు చెప్పాను. ఐసు లెక్కలకు మార్చారు, జీతం తగ్గింది.

1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పని ఇప్పించిన ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, కూలి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని అప్పట్లో బాప్తిస్మాలు ఆపిన సంగతి మా పాస్టరుగారు గుర్తుచేశారు, విశ్వాసం మీద డబ్బు మచ్చ పడకూడదని. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలుగా తిరిగి ఇస్తానన్న బైబిలులోని సుంకరి జక్కయ్యలాగా ఇచ్చే స్తోమత నాకు లేదు కనుక, లేవీయకాండము 6:5 ప్రకారం నా వాటాకు అయిదో వంతు కలిపి ఇద్దరు రైతుల దగ్గరకు వెళ్లాను. ఒకరు తీసుకున్నారు. రెండో ఆయన "ఇన్నాళ్లూ నవ్వుతూనే ముంచావా, అబ్బయ్యా" అని తలుపు వేసుకున్నారు. జీతం కోత కంటే అదే ఎక్కువ బాధించింది. ఆయన కవరు ఇంకా నా దగ్గరే ఉంది, ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ వెళ్తాను.