కత్తి మొనకు పదును పెడతామా, వాడి చేస్తామా?

ప్రశ్న: పాతకాలపు కత్తుల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. పొడిచినప్పుడు బాగా దిగేలా కత్తి చివరను నూరే పనిని 'పదును పెట్టడం' అంటే సరిపోతుందా? ఇంకా సరైన మాట ఉందా?

జవాబు: తప్పేమీ లేదండి, అందరికీ అర్థమవుతుంది. కాకపోతే 'పదును' అనగానే మనసు అంచు మీదికి పోతుంది. తెలుగులో ఈ రెండు దెబ్బలకూ వేర్వేరు పేర్లున్నాయి. అంచుతో నరికితే వేటు, మొనతో పొడిస్తే పోటు. కత్తిపోటు, వెన్నుపోటు అనేది అందుకే. పోట్లగిత్త కొమ్ముకు అసలు అంచే ఉండదు, ఉన్నదంతా మొనే! నేనైతే 'మొనదేల్చడం' అని రాస్తాను. 'మొనదేలిన ముక్కు' అని ఎలాగూ అంటూనే ఉన్నాం.

అయితే మొనదేల్చడమంటే సూదిలా చెయ్యడం అనుకునేరు, వ్యాసంలో ఆ పొరపాటు రాకూడదు. మరీ సన్నబడిన మొన గట్టిదేదైనా తగిలితే వంగిపోతుంది, లేదా విరుగుతుంది. కటారులు చూడండి, చాలావాటికి మొన దగ్గర లోహం కావాలనే మందంగా ఉంచారు, గొలుసు కవచాన్ని చీల్చుకుని పోవడానికి. ఐరోపాలో 14వ శతాబ్దం నుంచి రేకు కవచాలు పెరిగేకొద్దీ కత్తులు కూడా మొన దాకా సన్నబడుతూ, నడుమ మాత్రం గట్టి వెన్నుతో తయారయ్యాయి.

నూరడంలోనూ జాగ్రత్త కావాలి. మొనలో లోహం తక్కువ కాబట్టి తిరిగే సాన మీద పెడితే ఇట్టే వేడెక్కుతుంది. నీలం రంగు తిరిగిందంటే వేడి దాదాపు 300 డిగ్రీలకు చేరినట్టు, అక్కడ ఉక్కు మెత్తబడినట్టే. రాయి మీద నీళ్లు చల్లుకుంటూ చేత్తో నూరడమే మేలు.

ప్రశ్న: మరి 'వాడి' మొనకే చెల్లుతుందా?

జవాబు: రెండింటికీ చెల్లుతుంది. వాడి కత్తి అంటాం, వాడి బాణమూ అంటాం. అందుకే 'వాడి చేశారు' అని ఊరుకుంటే దేన్ని నూరారో తేలదు, 'వాడి మొన' అని విడమర్చాలి. పైగా పోటుకు మొన ఒక్కటే చాలదు. పొరలుపొరలుగా కుట్టిన బట్ట కవచంలో మొన దూరినా, దాని వెనక అంచు దారాలను తెంపకపోతే కత్తి అక్కడే బిగుసుకుంటుంది. కాబట్టి మీ వాక్యం ఇలా ఉంటే బాగుంటుంది: 'మొనదేల్చి, ఆ వెనకున్న అంచుకు పదును పెట్టేవారు.'