పెట్రోల్ ట్యాంకు లిఫ్ట్ కిట్ ఇంట్లోనే బిగించుకోవచ్చా?

ప్రశ్న:

నా మోటార్‌సైకిల్ ట్యాంకు ముందు భాగాన్ని 25 మిల్లీమీటర్లు పైకి లేపే లిఫ్ట్ కిట్ తెచ్చుకున్నాను. రెండు బ్రాకెట్లు, పొడవు బోల్టులు, వాషర్లు ఉన్నాయి కానీ ఎలా బిగించాలో చెప్పే కాగితం లేదు. కార్బ్యురేటర్ బండి. స్పానర్ పట్టడం వచ్చు, ట్యాంకు మాత్రం ఎప్పుడూ విప్పలేదు. పెట్రోలుతో పని కాబట్టి వెనకాడుతున్నాను. అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.

మొదటి జవాబు:

ఇంట్లోనే చేసుకోవచ్చండీ. బోల్టుల పని చిన్నదే. జాగ్రత్తంతా పెట్రోలు దగ్గరే కావాలి.

ముందు చోటు చూసుకోండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి తేలిపోకుండా నేల వెంట పాకి, దూరంగా ఉన్న గ్యాస్ గీజరునో ఫ్రిజ్‌నో చేరి అంటుకోగలదు. గాలిలో 1.4 శాతం ఆవిరి ఉన్నా నిప్పురవ్వ ఒక్కటి చాలు. అందుకే మూసిన గదిలో వద్దు, ఆరుబయట నీడలో చేయండి. పెట్రోలు మంటలకు పనికొచ్చే పొడి అగ్నిమాపక సిలిండరు చేతికందే దూరంలో ఉండాలి. అలాంటి మంట మీద నీళ్లు పోస్తే పెట్రోలు నీటిపై తేలి మంటను ఇంకా దూరం తీసుకుపోతుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, బండిని నిటారుగా, కదలకుండా నిలిపి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. తరవాత ట్యాంకును పెట్రోలు కోసం తయారైన డబ్బాలోకి ఖాళీ చేయండి. నీళ్ల సీసాలు వాడకండి. డబ్బాను చేతిలో పట్టుకోకుండా నేల మీద పెట్టండి, స్థిర విద్యుత్తు రవ్వకు అవకాశం తగ్గుతుంది. ట్యాంకు కింద ఉండే పెట్రోలు ట్యాపుల్లో కొన్ని ఇంజిన్ పీల్పు ఉంటేనే తెరుచుకుంటాయి. వాటికి ‘ప్రైమ్’ స్థానంలో పెడితే పెట్రోలు కారుతుంది.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. ఖాళీ చేసిన ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదకరం, ఎందుకంటే లోపలంతా ఆవిరే. బ్రాకెట్ రంధ్రం సరిపోక డ్రిల్లు వేయాల్సి వస్తే ట్యాంకును, డబ్బాను అక్కడి నుంచి దూరంగా చేర్చాకే వేయండి. ట్యాంకుకు మాత్రం డ్రిల్లు గానీ వెల్డింగు గానీ వద్దేవద్దు.

రెండో జవాబు:

పై మాటలన్నీ సరైనవే. నేను బోల్టుల సంగతి చెబుతాను.

ట్యాంకు బిగించే చోట రబ్బరు బుష్‌లుంటాయి. ఎత్తు పెంచాక కూడా అవి ఉండి తీరాలి. ఇంజిన్ అదురు నేరుగా ట్యాంకు చెవులకు (బోల్టు పట్టే చోట్లకు) తగిలితే కొన్నాళ్లకు అక్కడి వెల్డింగు చీలి పెట్రోలు చెమ్మగిల్లుతుంది. రబ్బరు నలిగి పక్కలకు ఉబ్బేంతగా కూడా బిగించకండి. బండి మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ (ఎంత బలంతో బిగించాలనే కొలత) ప్రకారం బిగించండి.

బోల్టు మరలోకి కనీసం తన మందమంత లోతు దిగాలి. అంటే 8 మిల్లీమీటర్ల బోల్టు కనీసం 8 మిల్లీమీటర్లు. పాత బోల్టే ఉంచి కింద వాషర్లు పేర్చడం ఎవరు చెప్పినా చేయకండి. బోల్టు మరీ పొడవైనా చిక్కే. కొన అడుగుకు తగిలి ఆగిపోతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది కానీ బ్రాకెట్ ఆడుతూనే ఉంటుంది. అందుకే ముందు ట్యాంకు పెట్టకుండా బ్రాకెట్ ఒక్కటే బిగించి చేత్తో ఊపి చూడండి.

మధ్యలో ఒకరి సందేహం:

కార్బ్యురేటర్ లేకుండా, పంపు ఒత్తిడితో పెట్రోలు అందే ఇంజెక్షన్ బండికీ ఇదే పద్ధతా?

మొదటి జవాబిచ్చినవారు:

అదనంగా ఒక పని ఉందండీ. ఇంజెక్షన్ పైపులో 3 నుంచి 4 బార్ దాకా ఒత్తిడి ఉంటుంది, అలాగే ఊడదీస్తే పెట్రోలు ముఖాన చిమ్ముతుంది. బ్యాటరీ తీగ విప్పకముందే పెట్రోల్ పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపించి, చల్లారనివ్వాలి. ఆ తరవాత కూడా కళ్లజోడు పెట్టుకుని, గుడ్డ చుట్టి మెల్లగా విప్పాలి. తిరిగి తొడిగేటప్పుడు కనెక్టర్ టక్కుమన్నాక ఒకసారి వెనక్కి లాగి చూడండి. కార్బ్యురేటర్ పైపు అక్కడ పనికిరాదు. ఆ ఒత్తిడికి తట్టుకునే పైపు, దానికి తగిన క్లాంపులే వాడాలి.

అడిగినవారు మళ్లీ:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే బ్రాకెట్లు బిగించాను, ఊగడం లేదు. కానీ ట్యాంకు పెట్టి చూస్తే పెట్రోల్ పైపు ట్యాప్ దగ్గర బిర్రుగా లాగినట్టుంది. ట్యాప్ ట్యాంకు ముందు వైపుంది. ఇలాగే నడపవచ్చా?

రెండో జవాబిచ్చినవారు:

వద్దండీ, దయచేసి ఇలా నడపకండి. పైపు కొత్తది, కాస్త పొడవైనది వేయండి. పాత పైపు చివరను వేళ్లతో వంచి చూడండి, క్లిప్పు పట్టిన చోట సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. పొడవు పెరిగింది కదా అని పైపు మడత పడకూడదు, ఇంజిన్ సిలిండరుకు తగలకూడదు. ట్యాంకు కింద వైర్లు నలగకుండా, బ్రీదర్ పైపు (ట్యాంకులోకి గాలి వెళ్లే పైపు) మూసుకుపోకుండా చూసుకోండి.

ట్యాప్ ముందుండటం ఇక్కడ అసలు సంగతి. ముందు భాగం లేచింది కాబట్టి మిగిలిన పెట్రోలు వెనక్కి చేరి, కొంత ట్యాప్‌కు అందకుండా ఉండిపోతుంది. మీ పాత రిజర్వ్ లెక్కను నమ్ముకుంటే దారిలో ఆగిపోతారు. ఇంజిన్ చల్లగా ఉండగానే, ఆరుబయటే, ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, ట్యాప్ పైపు చివర డబ్బాలో ఉంచి, ట్యాప్ రిజర్వ్‌లో పెట్టండి. కొలిచిన పెట్రోలును కొద్దికొద్దిగా పోయండి. కారడం మొదలయ్యేదాకా పోసింది మీకు అందని పెట్రోలు. వెంటనే ట్యాప్‌ను మామూలు స్థానానికి మార్చి, మళ్లీ కారేదాకా పోయండి. రెండోసారి పోసింది మీ కొత్త రిజర్వ్. గేజు ఉంటే అది చూపించేది కూడా మారుతుంది.

చివరిగా హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పండి. ట్యాంకుకు గానీ పైపుకు గానీ తగలకూడదు. బండిని నిలిపే ఉంచి, న్యూట్రల్‌లో ఇంజిన్ ఆడుతుండగా మళ్లీ తిప్పండి. ఇంజిన్ వేగం దానంతటదే పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుంటోందని అర్థం, అది సరిచేయకుండా రోడ్డెక్కకండి. మొదట లీటరు పెట్రోలే పోసి, కీళ్లన్నింటి చుట్టూ పొడి కాగితం తుడిచి, పావుగంట ఆగి మరోసారి తుడవండి. తడి తగిలితే ఆ క్లాంపు విప్పి మళ్లీ బిగించండి. మొదటి ప్రయాణం దగ్గరలోనే చేసి, తిరిగొచ్చాక బోల్టులకు ఒకసారి స్పానర్ వేసి చూడండి.