అంతరిక్షంలో విత్తనాల మొలకెత్తింపు: పెట్టె రూపకల్పనలో నీటి సమస్యకు సలహా కావాలి

నమస్కారం. నేను డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తాను. 2024 డిసెంబరు 30న ప్రయోగించిన పీఎస్‌ఎల్‌వీ-సీ60 రాకెట్ నాలుగో దశపై, అంటే కక్ష్యలో ప్రయోగాలకు వేదికగా మార్చిన పోయెమ్-4లో, ఇస్రో ఎనిమిది అలసంద గింజలను నాలుగు రోజుల్లో మొలకెత్తించిన నాటి నుంచి, పక్క ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులతో కలిసి మెంతి గింజలకు అలాంటి చిన్న పెట్టెను రూపొందిస్తున్నాము.

గురుత్వం ఒకే దిశలో పనిచేయకుండా మొక్కలను నెమ్మదిగా తిప్పే క్లినోస్టాట్ అనే పరికరంపై, నిమిషానికి రెండు చుట్ల వేగంతో, గింజలను ఉంచి పరీక్షించాము. మూడో రోజు మూత తీసి చూస్తే, గింజల చుట్టూ నీరు పలుచని పొరలా అంటుకొని ఉంది. పదింటిలో నాలుగు మెత్తబడి పుల్లని వాసన వేశాయి. తప్పు గింజలకు నీటిని చేర్చే దూదివత్తిదని నా అనుమానం, ఆ నీటిని తోసే పంపుదని విద్యార్థుల వాదన. అసలు చిక్కేమిటంటే, క్లినోస్టాట్ గురుత్వ దిశను సగటు చేస్తుందే తప్ప గురుత్వాన్ని తొలగించదు కనుక, కక్ష్యలో తలతన్యత (నీటి ఉపరితలాన్ని బిగువుగా పట్టి ఉంచే బలం) ఒక్కటే నీటిని నడిపించే తీరును అది చూపలేదు.

నీటిని రంధ్రాలు ఎక్కువగా ఉన్న మట్టి గుళికలలో ముందే ఇంకించడం మేలా, లేక ప్రయోగం మొదలయ్యాక సూదితో చుక్కలుగా అందించడం మేలా? వేరుకు ప్రాణవాయువు అందేలా గుళికల పరిమాణాన్ని ఎలా నిర్ణయిస్తారు? ఇంకొక మాట: పెట్టె కొలతలు ఖరారయ్యాక నేనే గింజ రకాన్ని మార్చి వారి పనిని వృథా చేశాను. జీవశాస్త్రం వారూ ఇంజినీర్లూ కలిసి పనిచేసేటప్పుడు ఏ అంశాన్ని ఏ దశలో మార్చరాదని రాసుకుంటారో, అనుభవం ఉన్నవారు దయచేసి తెలుపగలరు.