పురుగుమందుల పొడుగు పేర్లు: అక్షరాలుగా విడగొట్టాలా, అర్థాన్ని బట్టి విడదీయాలా?

కోవూరు రైతుబిడ్డ:
వరిలో కాండం తొలిచే పురుగుకి క్లోరాంట్రానిలిప్రోల్ కొట్టమని వ్యవసాయ సహాయకుడు చీటీ రాసిచ్చాడు. మా నాన్న చీటీ ఇంట్లో మరిచిపోయి, కొట్లో "క్లోర్ ఏదో" అన్నాడు. క్లోరిపైరిఫాస్ చేతిలో పెట్టారు. అప్పటినుంచీ "క్లో-రాం-ట్రా-ని-లి-ప్రోల్" అని రోజూ వల్లె వేయిస్తున్నా. ఇది పద్ధతేనా?

ఒంగోలు కెమిస్ట్రీ మాస్టారు:
అలా చిలకపలుకులే వస్తాయి బాబూ. సమాసంలా విడదీయాలి. ల్యాబ్‌లో నీటి కాఠిన్యం కొలిచే ఈడీటీఏ చూడండి: ఇథిలీన్, డైఅమీన్, టెట్రా, ఎసిటిక్ ఆమ్లం. రెండు అమీన్లు, నాలుగు ఎసిటిక్ ముక్కలు. పేరు పలుకుతుంటేనే బోర్డు మీద బొమ్మ వేసేయొచ్చు. ఎక్కడపడితే అక్కడ ఊపిరి తీసుకునే పిల్లలు బొమ్మ కూడా అలాగే వేస్తారు.

అల్లూరు రొయ్యల చెరువు:
మాస్టారూ, ఆ ఈడీటీఏ మేమూ వాడతాం. నాలుగు అక్షరాలతో పని జరిగిపోతోంది. మిగతాది పరీక్షలకే!

బుచ్చి మందుల కొట్టు:
నేను కౌంటర్లో కూర్చునేవాణ్ణి. కిటుకంతా తోకలో ఉంది. క్లోరిపైరిఫాస్, మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, ఇలా "ఫాస్"తో ముగిసేవి భాస్వరం జాతి. ఇమిడాక్లోప్రిడ్, ఎసిటామిప్రిడ్ రసం పీల్చే పురుగులకి. మనవాళ్లు మొదటి ముక్క దగ్గరే ఆగిపోతారు, అక్కడే బోల్తా. "క్లోర్" అంటే అందులో క్లోరిన్ ఉందనే కదా, అలాంటి డబ్బాలు నా కొట్లో బోలెడు.

ఒంగోలు కెమిస్ట్రీ మాస్టారు:
నేను చెప్పిందీ అదే కదయ్యా, మీరు తోక పట్టుకున్నారు, అంతే. కోవూరు బాబు మందులో నడిమి ముక్క "ఆంట్రానిలి" కూడా ఊరికే రాలేదు, ఆంత్రానిలిక్ ఆమ్లం నుంచి వచ్చింది.

కందుకూరు నర్సు:
మందు కొడుతూ కళ్లు తిరిగి పడిపోయినవాళ్లని తెస్తుంటారు. అప్పుడు దయచేసి పేరు పలకాలని తంటాలు పడొద్దు. డబ్బా తీసుకురండి, కనీసం లేబుల్ ఫొటో. ఫాస్ జాతి విషమైతే విరుగుడుగా అట్రోపిన్ ఇస్తారు, మిగతావాటిలో చాలావాటికి వైద్యం వేరు. ఆ టెన్షన్‌లో ఎవరికీ నోరు తిరగదు.

కోవూరు రైతుబిడ్డ:
బుచ్చి అన్నా, నీ మాట విని నాన్నకి "ప్రోల్" ఒక్కటే నేర్పించా. ఈ పొద్దున కొట్టుకెళ్లి అదే అడిగితే "ఏ ప్రోల్ పెద్దాయనా, సయాంట్రానిలిప్రోల్ కూడా ఉంది" అన్నారంట. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. చీటీ జేబులో పెట్టి మళ్లీ పంపించా.