పాతకాలం బ్రిటన్ బజారు గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

సిరి_గుంటూరు:
అందరికీ నమస్తే. నేను యార్క్‌షైర్‌లో ఒక కేర్ హోమ్‌లో పనిచేస్తున్నాను. ఇక్కడుండే పెద్దవాళ్లలో చాలామందికి డిమెన్షియా. పొద్దున ఏం తిన్నారో గుర్తుండదు గానీ చిన్నప్పుడు అమ్మ ఏ కొట్టుకి పంపిందో, చేతిలో ఎంత పెట్టిందో పూసగుచ్చినట్టు చెబుతారు. మొన్న ఒక పెద్దావిడ స్నానానికి రానంటే రానని భీష్మించుకు కూర్చున్నారు, మాటల్లో కోఆప్ స్టోర్ పేరు వచ్చేసరికి గడగడా ఒక నంబరు చెప్పి, ఇది మా అమ్మది అని ఎంత నవ్వారో, ఆ తర్వాత నా చెయ్యి పట్టుకుని తనే లేచారు. ఆ నంబరేంటో తెలిస్తే ఇంకో నాలుగు మాటలు కలిపేదాన్ని కదా అనిపించింది. ఇంకొకాయనకి బుధవారం వస్తే కంగారు, ఒంటిగంటకల్లా షాపులు కట్టేస్తారు, పద పద అంటారు. వీళ్లంతా 1940కి అటూ ఇటూగా పుట్టినవాళ్లు. అప్పటి బజారు, సరుకులు, డబ్బుల లెక్క ఎలా ఉండేవో ఇక్కడే పెరిగిన మనవాళ్లు ఎవరైనా చెప్తారా? నెట్‌లో తేదీలు దొరుకుతున్నాయి, ఇల్లెలా గడిచేదో దొరకట్లేదు.

లాంకషైర్_లక్ష్మి:
సిరీ, చాలా మంచి పని చేస్తున్నావమ్మా. మా నాన్నగారు ఇక్కడ ఆసుపత్రి డాక్టరు, 1966లో వచ్చాం, నేను పెరిగిందంతా మిల్లులున్న ఊళ్లోనే. ఆవిడ చెప్పింది వాళ్ల అమ్మగారి కోఆప్ సభ్యత్వం నంబరు. ఆ కొట్టు కొనేవాళ్లదే, 1844లో రోచ్‌డేల్‌లో నేతపనివాళ్లూ ఇతర పనివాళ్లూ కలిసి మొదలుపెట్టిన పద్ధతి అది. సరుకు తీసుకుని నంబరు చెబితే రాసుకునేవాళ్లు, కొన్నదాన్ని బట్టి లాభంలో వాటా వచ్చేది, దాన్నే డివి అనేవాళ్లు. పిల్లల్ని కొట్టుకి పంపే ముందు తల్లులు ఆ నంబరు వల్లె వేయించేవాళ్లు, తప్పు చెబితే వాటా ఇంకొకరికి పోతుంది మరి. చాలా ఇళ్లలో పిల్లల బూట్లకీ కోట్లకీ ఆ డబ్బే ఆధారం, అందుకే ఆ నంబరు అంత గట్టిగా నాటుకుపోయింది. ఈసారి ఆవిణ్ణి డివి డబ్బుతో మీ అమ్మగారు ఏం కొనేవారని అడిగి చూడు.

బుధవారం సంగతి కూడా నిజమే. వారంలో ఒకరోజు మధ్యాహ్నం నుంచి షాపులు మూయాలని చట్టమే ఉండేది, ఏ రోజన్నది ఊరిని బట్టి. ఆదివారం సరేసరి, బజారు బజారంతా మూతే. ఇళ్లలో ఫ్రిజ్‌లు లేవు, అందుకని దాదాపు రోజూ బజారుకి పోవాల్సిందే, రొట్టెకి ఒక కొట్టు, మాంసానికి ఒక కొట్టు, కూరగాయలకి ఇంకొకటి, ప్రతిచోటా క్యూ, ప్రతిచోటా కౌంటర్ అవతలి మనిషికి మీ ఇంటి సంగతులన్నీ తెలుసు. వెన్నని పెద్ద దిమ్మలోంచి కోసి, రెండు చెక్క బద్దలతో తట్టి తట్టి చదరంగా చేసి కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్లు. చీజ్‌ని సన్నటి తీగతో కోసేవాళ్లు. బిస్కెట్లు రేకు డబ్బాల్లోంచి తూచేవాళ్లు, విరిగిన ముక్కలైతే చవక, పిల్లలు అడిగేదే వాటి కోసం. మా అమ్మ తిప్పలు వేరు, కందిపప్పు దొరక్క సూప్ కోసం అమ్మే బటానీ పప్పుతో సాంబారు, చింతపండు ఎవరైనా ఇండియా నుంచి తెస్తేనే. ఆలివ్ నూనె ఉండేది గానీ మందుల షాపులో, చెవిలో వేసుకోవడానికి, ఇంతంత సీసాల్లో!

డర్బీ_రావు:
నా చిన్నతనం తెనాలిలో గడిచింది గానీ మా ఆవిడ ఇక్కడి మనిషే, 1944లో డర్బీషైర్‌లో పుట్టింది. పక్కన కూర్చుని చెబుతుంటే రాస్తున్నా. యుద్ధం 1945లో అయిపోయినా రేషన్ మాత్రం 1954 జులై దాకా సాగింది, చివరికి ఎత్తేసింది మాంసం మీద. మిఠాయిల రేషన్ 1949 ఏప్రిల్‌లో తీసేస్తే జనం ఎగబడి కొట్లు ఖాళీ చేశారట, ఆగస్టులో మళ్లీ పెట్టి 1953 ఫిబ్రవరిలో పూర్తిగా తీసేశారు. గాజు జాడీల్లోంచి ఇత్తడి త్రాసులో పావు పౌను తూచి, చిన్న కాగితం సంచీలో పోసి మూలలు మెలితిప్పి ఇచ్చేవాళ్లు. పేర్ డ్రాప్స్ అనే మిఠాయి వాసన గురించి ఇప్పటికీ చెబుతుంది తను. ఖాళీ సోడా సీసా తిరిగిస్తే చిల్లర వచ్చేది, పిల్లలు పొదల్లో వెతికి మరీ సీసాలు ఏరుకొచ్చేవాళ్లు.

ఇంకో విషయం, స్కూల్లో పాలు తప్పకుండా అడగండి. 1946 నుంచి పిల్లలందరికీ మూడో వంతు పైంటు, అంటే దాదాపు 190 మిల్లీలీటర్ల సీసా ఉచితం. చలికాలంలో పాలు గడ్డకట్టి రేకు మూతని పైకి తోసేవట, టీచరు ఆ సీసాల్ని హీటర్ పక్కన పెడితే గోరువెచ్చగా అయ్యి వికారం పుట్టేదట. 1971లో ఏడేళ్లు దాటిన పిల్లలకి ఆపేశారు, అప్పుడు విద్యామంత్రి మార్గరెట్ థాచర్, తర్వాత ప్రధాని అయినావిడ. ఆ పేరెత్తితే మా ఇంట్లోనే గొడవ మొదలవుతుంది, మీ దగ్గర కాస్త చూసుకోండి :)

కిరణ్_ఓటీ:
సిరి గారూ, నేను ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని, అంటే రోజువారీ పనులు వాళ్లంతట వాళ్లు చేసుకునేలా సాయపడే పని, ఇలాంటి పెద్దవాళ్లతోనే ఉంటాను. పై ఇద్దరూ చెప్పినవి బాగున్నాయి, ఒక్క మాట మాత్రం కలుపుతాను. "గుర్తుందా?" అని అడగొద్దు, గుర్తు రాకపోతే పరీక్ష తప్పినట్టు ముడుచుకుపోతారు. వస్తువు చేతికివ్వండి. పాత పెన్నీలు చవగ్గానే దొరుకుతాయి, ఆ బరువు అరచేతిలో పడగానే మాటలు వాటంతటవే వస్తాయి. కార్బాలిక్ సబ్బు వాసన చూపించినా అంతే. అలాగని అందరికీ ఆ రోజులు తీపి కాదు, రావు గారు రేషన్ ముచ్చట్లు చెప్పారు గానీ తండ్రి యుద్ధంలో పోయిన ఇంట్లో రేషన్ పుస్తకం అంటే ఏడుపే. ముందు వాళ్ల కుటుంబాన్ని అడిగి తెలుసుకోండి.

సిరి_గుంటూరు:
అందరికీ చాలా థాంక్స్ అండీ. కిరణ్ గారూ, మీరు చెప్పాక మా మేనేజర్‌ని అడిగాను, పాత నాణేలు తెప్పిస్తామన్నారు. కానీ ఆ లెక్క నాకే రాదు, వాళ్లు ఆరు పెన్నీలు, బాబ్, హాఫ్ క్రౌన్ అంటుంటే తల తిరుగుతోంది. లక్ష్మి అక్కా, కొంచెం చెప్పవా?

లాంకషైర్_లక్ష్మి:
దానికి టెన్షన్ ఎందుకు, మన అణాల లెక్కలాంటిదే. 12 పెన్నీలు ఒక షిల్లింగ్, దాన్నే బాబ్ అంటారు. 20 షిల్లింగులు ఒక పౌండు, అంటే పౌండుకి 240 పెన్నీలు. హాఫ్ క్రౌన్ అంటే రెండు షిల్లింగుల ఆరు పెన్నీలు. పన్నెండు పలకలున్న పసుపుపచ్చ బిళ్ల మూడు పెన్నీలది, పిల్లలకి అదంటే ప్రాణం. ఇదంతా 1971 ఫిబ్రవరి 15న మారిపోయి పౌండుకి 100 కొత్త పెన్నీలయ్యాయి. మా అమ్మ రూపాయికి పదహారణాల రోజుల్లో లెక్కలు నేర్చుకున్న మనిషి, అందుకే షిల్లింగులు చిటికెలో వచ్చేశాయి, బజార్లో కాగితం పెన్సిల్ అక్కర్లేదు. నువ్వు ఆ నాణేలు బల్లమీద పోసి, ఆ బుధవారం పెద్దాయన్నే నాకు నేర్పమని అడుగు. పాత నాణేలు నా దగ్గర ఒక డబ్బాడు ఉన్నాయి, అడ్రస్ ఇక్కడ పెట్టకుండా విడిగా మెసేజ్ చెయ్యి, పోస్టులో పంపిస్తాను.