మన దగ్గర కోత ఉన్న రోజున పొరుగు దేశాలకు కరెంటు అమ్మనివ్వాలా?

రేణిగుంట మౌల్డింగ్:
2022 ఏప్రిల్‌లో మన ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టారు. వారానికి ఒకరోజు అదనంగా సెలవు, నిరంతరాయంగా నడిచే యూనిట్లయితే సగం లోడు. మాది గాజులమండ్యం వైపు చిన్న ప్లాస్టిక్ మౌల్డింగ్ యూనిట్. మెషిన్ మధ్యలో ఆగితే బ్యారెల్‌లో కరిగిన ప్లాస్టిక్ అక్కడే గడ్డకడుతుంది. కరెంటు వచ్చాక హీటర్లు వేసి, వేడెక్కేదాకా కాచుకుని, మాడి నల్లబడిన ముద్దంతా బయటికి తోసి, మచ్చ లేని పీసు పడేసరికి సగం షిఫ్టు పోతుంది. జీతాలు మాత్రం పూర్తిగా ఇవ్వాలి.

ఆ నెలలోనూ మన దేశం నుంచి బంగ్లాదేశ్‌కు కరెంటు పోతూనే ఉంది. బహరంపూర్-భేరామారా లింకు సామర్థ్యం 1000 మెగావాట్లు, త్రిపుర వైపు నుంచి ఇంకో 160. అందులో 250 మెగావాట్లు కేంద్రం తన ప్లాంట్ల వాటాలోంచి ఇచ్చిందే. ఇక్కడ కోత ఉన్న రోజున అక్కడికి పంపేది తగ్గించాలని ప్రతి ఎగుమతి ఒప్పందంలో షరతు ఉండాలి, ప్రభుత్వమే దాన్ని తప్పనిసరి చేయాలి అంటాను నేను. మీరేమంటారు?

పాకాల సబ్‌స్టేషన్ (రిటైర్డ్):
తమ్ముడూ, నీ నష్టం నిజమే. కానీ లెక్క చూడు. 2022 ఏప్రిల్ 29న దేశంలో గరిష్ఠ డిమాండ్ 2 లక్షల 7 వేల మెగావాట్లు. నువ్వు చెప్పిన 1160 అందులో నూటికి ఒకటి కూడా కాదు. అప్పటి కొరత బొగ్గు వల్ల వచ్చింది. ప్లాంట్ల దగ్గర నిల్వలు అడుగంటితే ప్యాసింజర్ రైళ్లు రద్దు చేసి మరీ బొగ్గు తోలారు.

గేట్లు మూస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ 765 కేవీ లైన్ కలిసేదాకా దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో సింక్రనైజ్ కాలేదు, అంటే ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి నడవలేదు. ఉత్తరాదిన చవగ్గా కరెంటున్నా ఇటు తెచ్చుకునే దారి ఇరుకు. అదే కాలంలో, 2009లో తమిళనాడు, 2010లో కర్ణాటక, అసాధారణ పరిస్థితుల్లో ప్లాంట్లను ఆదేశించే అధికారమిచ్చే విద్యుత్ చట్టం సెక్షన్ 11 వాడి, తమ రాష్ట్రాల్లోని ప్రైవేటు ప్లాంట్లు బయటికి అమ్మకూడదన్నాయి. 2023 అక్టోబరులో కర్ణాటక మళ్లీ సెక్షన్ 11 వాడింది. రెండు రాష్ట్రాల సరిహద్దులో బతికే చిత్తూరు వాళ్లం, ఇలాంటి ఆంక్షల్ని మనమే అడుగుదామా?

పలమనేరు రైతు:
ఫ్యాక్టరీ సంగతి, గ్రిడ్ సంగతి మాట్లాడుతున్నారు. మాకు పగలు 9 గంటలు ఇస్తామన్న త్రీఫేజ్ మధ్యలో తెగితే అడిగే దిక్కు లేదు. వెయ్యి అడుగుల బోరు. వోల్టేజీ పడి మోటారు కాలిందా, పైపులన్నీ పైకి లాగాలి, మనుషుల్ని పెట్టుకోవాలి, ఆ లోపు టమాటా వాడిపోతుంది. ఎగుమతి ఆపితే మిగిలిన కరెంటు మా ఫీడర్‌కు వస్తుందని ఎవరైనా రాసిస్తారా?

ఎస్వీయూ ఎకనమిక్స్:
పాకాల సార్, కొరత రోజున చివరి యూనిట్ ఎక్కడ దొరుకుతుందన్నదే ప్రశ్న, మొత్తంలో ఎన్నో వంతు అన్నది కాదు. ఆ ఏప్రిల్‌లో రేట్లు ఎగబాకుతుంటే సీఈఆర్‌సీ (కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్) కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో యూనిట్‌కు 12 రూపాయల పరిమితి పెట్టింది. ఆ 12కు సిద్ధపడ్డా అడిగినంత దొరకలేదు. 1160 మెగావాట్లు రోజంతా నడిస్తే 2 కోట్ల 78 లక్షల యూనిట్లు. అలాంటి రోజున అది చిన్న సంగతి కాదు.

అసలు ఎగుమతులపై ఆంక్షలే లేవనుకోకండి. 2018 డిసెంబరు మార్గదర్శకాల ప్రకారం బొగ్గు కరెంటు బయటికి అమ్మాలంటే దిగుమతి బొగ్గుతోనో, స్పాట్ ఈ-వేలంలో కొన్నదానితోనో, కమర్షియల్ మైనింగ్ బొగ్గుతోనో తీసినదై ఉండాలి. నాకు కోపం వచ్చేది గొడ్డా విషయంలో. జార్ఖండ్‌లోని ఆ 1600 మెగావాట్ల అదానీ ప్లాంటును కట్టిందే బంగ్లాదేశ్ కోసం, లైను కూడా నేరుగా అక్కడికే. 2024 ఆగస్టు 5న ఢాకాలో ప్రభుత్వం కూలింది. 12వ తేదీకల్లా మన విద్యుత్ శాఖ మార్గదర్శకాలు సవరించింది. కొనేవాళ్లు చాలాకాలం తీసుకోకపోయినా, బకాయిలు పేరుకుపోయినా అలాంటి ప్లాంటును మన గ్రిడ్‌కు కలపనివ్వొచ్చు. ఆ కరెంటు మనకు పనికొస్తుందంటే కాదనను. కానీ అమ్మేవాడి ఇబ్బందికి వారంలో దారి దొరికింది. కోతల్లో ఉన్న వినియోగదారుడి కోసం ఒక్క వాక్యం చేర్చడానికి అంత తొందర ఎప్పుడు చూశాం?

పాకాల సబ్‌స్టేషన్ (రిటైర్డ్):
ఆ వాక్యం చేరిస్తే ఒప్పందానికి విలువ పోతుంది బాబూ. ఎప్పుడు ఆపుతారో తెలియని కరెంటుకు ఎవరూ మంచి రేటు ఇవ్వరు, దాన్ని నమ్మి లైను వేయడానికి బ్యాంకు అప్పూ పుట్టదు. నేపాల్ చూడు. వానాకాలంలో నదులు నిండితే మనకు అమ్ముతుంది, చలికాలంలో నీళ్లు తగ్గితే మన దగ్గర కొంటుంది. వాళ్లు బంగ్లాదేశ్‌కు అమ్మే 40 మెగావాట్లు కూడా 2024 నవంబరులో మన గ్రిడ్ మీదుగానే వెళ్లాయి. వాళ్లకు కటకట ఉన్నప్పుడు మనం ఆపేస్తే, వానాకాలంలో వాళ్లు మన మాట ఎందుకు వింటారు?

రేణిగుంట మౌల్డింగ్:
సార్, ఇష్టం వచ్చినప్పుడు ఆపమని నేననడం లేదు. నేపాల్‌తో ఇచ్చిపుచ్చుకోవడం సాగాల్సిందే. ఏ స్థాయి కొరతకు, ఎన్ని గంటలు, ఎంత తగ్గిస్తారో సంతకాలకు ముందే రాసిపెడితే కొనేవాడు దాన్ని లెక్కలో వేసుకునే రేటు చెబుతాడు. మీరు చెప్పిన సెక్షన్ 11లోనే రెండో ఉపవిభాగం ఉంది. ప్రభుత్వ ఆదేశం వల్ల ప్లాంటుకు నష్టమొస్తే విద్యుత్ నియంత్రణ కమిషన్ దాన్ని సర్దవచ్చు. అమ్మేవాడికి ఆ రక్షణ చట్టంలో ఉన్నప్పుడు మెషిన్ ఆగినవాడికి ఎందుకు లేదు? ముందుగా తగ్గించాల్సింది కూడా ప్రైవేటు వాళ్లది కాదు, కేంద్రం వాటాలోంచి పోయే ఆ 250.

ఇప్పుడే ఎందుకంటున్నానంటే, శ్రీలంకతో హెచ్‌వీడీసీ (హై వోల్టేజీ డైరెక్ట్ కరెంట్) లైను కోసం 2025 ఏప్రిల్‌లో అవగాహన ఒప్పందం కుదిరింది. అది మదురై వైపు నుంచి, అంటే మన దక్షిణాది గ్రిడ్ నుంచే పోయేది. లైను పడ్డాక షరతులు అడిగితే ఎవరూ వినరు. సీఈఆర్‌సీ ఏ డ్రాఫ్టుకైనా జనం అభిప్రాయాలు తీసుకుంటుంది. ఇక్కడి చిన్న పరిశ్రమల తరఫున నేను లేఖ రాస్తాను.

పలమనేరు రైతు:
వ్యవసాయ ఫీడర్ అని పేరు పెట్టి రాయన్నా. రాస్తే మా ఊరి నుంచి కూడా సంతకాలు తెస్తా.

పాకాల సబ్‌స్టేషన్ (రిటైర్డ్):
ఎగుమతి తగ్గించే షరతుకు నేను సంతకం పెట్టను. కేంద్రం వాటా ఎవరికి ఎంత పోతోందో నెలనెలా తెలుగులో బయటపెట్టాలని రాస్తే మొదటి సంతకం నాదే. డ్రాఫ్టు రాసి పంపు తమ్ముడూ, సాంకేతిక భాగం నేను చూసిపెడతా.